పదిహేడో శతాబ్దపు కాట్స్‌వోల్డ్ రాతి ఇల్లు: గోడల్లో చెమ్మ ఉందంటే వెనక్కి తగ్గాలా?

మీ ప్రశ్నలో నాలుగు సంగతులు కలిసి ఉన్నాయి. ఇంగ్లాండ్‌లో కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతంలో, గ్లాస్టర్‌షైర్‌లోని ఒక పల్లెలో పదిహేడో శతాబ్దపు రాతి ఇల్లు మీకు నచ్చింది. అది చట్టం రక్షించే చారిత్రక కట్టడాల జాబితాలో, గ్రేడ్ 2 కింద ఉంది. కింది గోడల్లో చెమ్మ ఎక్కువగా ఉందని, అది పైకి ఎక్కకుండా గోడలోకి రసాయనం ఇంజెక్ట్ చేయించి లోపలివైపు నీరు దిగని ప్లాస్టర్ వేయించాలని తనిఖీ నివేదికలో రాశారు. ఇల్లు కొనవచ్చా, ఆ ఇంజెక్షన్ అవసరమా, పాత కిటికీలు తీసి రెండు పొరల అద్దాలు (డబుల్ గ్లేజింగ్) పెట్టుకోవచ్చా, వంటగదికీ పెద్దగదికీ మధ్య గోడ తీసేయవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు రాసిన వివరాలను బట్టి ఆ ఇల్లు వదులుకోవడానికి కారణమేదీ నాకు కనిపించడం లేదు. ఇంజెక్షన్ మాత్రం వేయించకండి. కిటికీలను అనుమతి లేకుండా ముట్టుకోకూడదు, అనుమతి దొరకడమూ కష్టమే. చలి ఆపడానికి వేరే దారి ఉంది. మధ్య గోడ ఏ కాలానిదో తేలేదాకా దాని జోలికి వెళ్లవద్దు. నేను గ్లాస్టర్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో పాత ఇళ్ల మరమ్మతులు చూసే సర్వేయర్‌ని. మీరు పంపినలాంటి నివేదికలు నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి. కొత్త ఇంటికి పనికొచ్చే లెక్కలతో పాత ఇంటిని కొలిచినందువల్లే వాటిలో చాలావరకు తప్పుదారి పడతాయి.

ముందు ఆ గోడ ఎలా కట్టారో తెలుసుకోండి. బయటినుంచి ఒకే మందపాటి గోడలా కనిపిస్తుంది కానీ లోపల ఒక వరస, బయట ఒక వరస రాళ్లు పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు, సున్నం, ఒక్కోచోట వట్టి మట్టి నింపారు. రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడా గోడ మందమంతా వచ్చే పొడవాటి రాళ్లు వేశారు. మొత్తం మందం సాధారణంగా 450 నుంచి 600 మిల్లీమీటర్లు ఉంటుంది. రాయి ఈ నేలలోదే. 16, 17 కోట్ల ఏళ్ల కిందట లోతులేని వెచ్చని సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అది. అందులో ఇనుము పాలు ఎక్కువగా ఉన్నచోట తేనె రంగు వస్తుంది, తక్కువైనచోట పాలిపోయిన మీగడ రంగు వస్తుంది. అందుకే ఉత్తరాన చిప్పింగ్ క్యాంప్డెన్ ఇళ్లు బంగారు ఛాయలో ఉంటాయి, దక్షిణాన పెయిన్స్‌విక్ ఇళ్లు తెల్లబారి ఉంటాయి. ఒక ఊరి గోడకు పక్క లోయ రాయి తెచ్చి అతికితే ఎంత దూరం నుంచైనా కనిపెట్టవచ్చు. మరమ్మతుకు రాయి కొనేటప్పుడు ఇది మనసులో ఉంచుకోండి.

ఈ గోడకు పునాది దగ్గర తేమను ఆపే పొర లేదు. అప్పట్లో కట్టినవాళ్లకు అది అవసరం పడలేదు. నేల నుంచీ వాన నుంచీ కొంత నీరు గోడలోకి వెళుతుంది. ఎండా గాలీ తగిలినప్పుడు రాళ్ల మధ్య సున్నపు సందుల గుండా మళ్లీ బయటికి వస్తుంది. లోపల ఎప్పుడూ ఏదో ఒక పొయ్యి మండేది, పొగగొట్టం గాలిని పైకి లాగేది. వెళ్లిన నీరు వెళ్లినంతా బయటికి వచ్చినంత కాలం గోడకు ఏ హానీ లేదు. ఈ ఇళ్లలో అసలు ప్రశ్న గోడలోకి నీరు వెళుతోందా అన్నది కాదు, వెళ్లిన నీటికి బయటికి దారి ఉందా అన్నది. నివేదికలోని ప్రతి సలహానూ ఈ ప్రశ్నతో పరీక్షించండి.

ఇప్పుడు ఇంజెక్షన్ సంగతి. ఇటుక గోడలో వరసలు సమంగా ఉంటాయి కాబట్టి ఒక వరస వెంట రంధ్రాలు వేసి రసాయనం పంపితే అది ఒక గీతలా పరుచుకుంటుందని ఆశించవచ్చు. మీ గోడలో అలాంటి వరసే లేదు. మధ్యలో ఉన్నది ఖాళీలతో నిండిన రాళ్ల పోగు. రసాయనం ఎటు వెళ్లి ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. దానితో పాటు వేసే నీరు దిగని ప్లాస్టర్ ఇంకా చెడ్డది. అది చెమ్మను మీ కంటికి కనిపించకుండా చేస్తుంది, గోడకు మాత్రం లోపలి దారి మూసేస్తుంది. నీరు ఆ ప్లాస్టర్ వెనక పైకి పాకి, కొన్నాళ్లకు దానికి పై అంచున బయటపడుతుంది. అక్కడ గోడలోకి దిగిన ఓక్ దూలం కొన ఉంటే, కుళ్లడం అక్కడ మొదలవుతుంది.

నివేదికలో రాసిన "ఎక్కువ" అన్న మాట ఎక్కడిదో కూడా అడగండి. చేతిలో పట్టుకునే రెండు సూదుల మీటర్ విద్యుత్ నిరోధాన్ని కొలుస్తుంది. దాని అంకెలు కలప కోసం నిర్ణయించినవి. రాతిగోడలో శతాబ్దాలుగా పేరుకున్న లవణాలు ఉంటాయి, పొయ్యి దగ్గరైతే మసి ఉంటుంది. గోడ దాదాపు పొడిగా ఉన్నా ఇవి మీటర్‌ను ఎర్ర గుర్తు దాకా తీసుకుపోతాయి. గోడలో నిజంగా ఎంత నీరుందో తెలియాలంటే లోపలినుంచి నమూనా తీసి, ఆరబెట్టి, ముందూ తర్వాతా తూచాలి. లేదా కార్బైడ్ పరీక్ష చేయాలి, అంటే నమూనా పొడిని కాల్షియం కార్బైడ్‌తో కలిపి, పుట్టే వాయువు ఒత్తిడిని బట్టి నీటిని లెక్కించాలి. ఈ పని చేయకుండా రసాయనం రాసిచ్చారంటే అది రోగ నిర్ధారణ కాదు. ఇంజెక్షన్ చేసే సంస్థ నుంచే "ఉచిత తనిఖీ" చేయించారేమో కూడా చూసుకోండి.

మరి చెమ్మ ఎక్కడినుంచి వస్తోంది? నా అనుభవంలో కారణం చాలాసార్లు గోడ బయటే దొరుకుతుంది. మొదట నేల ఎత్తు చూడండి. మూడు, నాలుగు వందల ఏళ్లలో దారి మీద దారి వేస్తూ, పూలమడుల్లో మన్ను పోస్తూ వచ్చేసరికి బయటి నేల లోపలి గచ్చు కంటే పైకి వచ్చేస్తుంది. గచ్చు కంటే కనీసం 150 నుంచి 200 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా దాన్ని తవ్వించగలిగితే సగం చిక్కు తీరుతుంది. అయితే పాత పునాదులు లోతుగా ఉండవు కాబట్టి ఎంత తవ్వాలో చూసి చెప్పే మనిషి పక్కన ఉండాలి. తర్వాత వాననీటి గొట్టాలు. పగిలిన ఒక్క గొట్టం గోడలో ఒక మూలను ఏడాది పొడవునా తడిపి ఉంచుతుంది. మూడోది గచ్చు. పాత రాతి పలకలు నేరుగా మట్టి మీద పరిచి ఉండేవి, వాటి సందుల్లోంచి నేల తేమ కొద్దికొద్దిగా ఆరిపోయేది. వాటిని తీసి ప్లాస్టిక్ పొర మీద కాంక్రీటు పోస్తే ఆ తేమ పక్కకు మళ్లి గోడల్లోకి ఎక్కుతుంది.

అన్నిటికంటే పెద్దది సిమెంటు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో నేను చూసిన పాత గోడలకు సిమెంటు చేసినంత నష్టం వాన కూడా చేయలేదు. మనం మామూలుగా సిమెంటు అనే పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ వచ్చింది 1824లో. పల్లె ఇళ్ల గోడల సందుల్లోకి అది విరివిగా చేరింది ఇరవయ్యో శతాబ్దంలో. అది ఈ రాయి కంటే గట్టిది, నీటి ఆవిరిని సరిగా వదలదు. సందులు మూసుకుపోయాక నీరు రాయి ముఖం గుండా బయటికి రావాల్సి వస్తుంది. వచ్చేటప్పుడు లవణాలను తెస్తుంది. అవి రాతి పైపొరలో స్ఫటికాలై ఉబ్బుతాయి. శీతకాలంలో అదే తేమ గడ్డకట్టి రాయిని లోపలినుంచి చీలుస్తుంది. కొన్నేళ్లకు రాయి ముఖం పొరలుగా రాలిపోయి లోపలికి తగ్గుతుంది, సిమెంటు గీతలు మాత్రం గట్టుల్లా పైకి నిలుస్తాయి. మీరు మళ్లీ ఇల్లు చూడబోయినప్పుడు గోడ మీద అరచేయి పెట్టి నిమరండి. సిమెంటు గట్టులు చేతికి తగిలితే మీ చెమ్మకు ఒక కారణం దొరికినట్టే.

సున్నం సంగతి మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మన పాత మండువా ఇళ్లు, కోటగోడలు డంగు సున్నంతో కట్టినవే. గానుగలో తిప్పి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. ఇక్కడ ఇంగ్లాండ్‌లో గిలాబు పట్టుకు ఆవు, మేక వెంట్రుకలు కలిపేవారు. లోపల జరిగే రసాయన చర్య రెండుచోట్లా ఒక్కటే. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలుస్తారు, నీళ్లు పోసి విరగదీస్తారు, గోడకు పూసిన తర్వాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. ఆ మార్పు నెమ్మదిగా జరుగుతుంది. 5 డిగ్రీల లోపు చలిలో ఈ పని చేయకూడదు. ఎండలో త్వరగా ఆరినా పాడవుతుంది కాబట్టి తడి గోనెపట్టాలు కప్పి కాపాడాలి. అందుకే ఇక్కడ సున్నం మేస్త్రీలు బయటి గోడల పని ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపే పెట్టుకుంటారు. మీరు శీతకాలంలో ఇల్లు కొంటే గోడల పనికి వసంతం దాకా ఆగాల్సిందే. "నవంబరులోనే పూర్తి చేసేస్తాం" అనే మనిషికి ఆ పని అప్పగించకండి.

ఒక ఉదాహరణ. స్ట్రౌడ్ దగ్గరి లోయలో, వాలుకు ఆనుకుని కట్టిన ఒక ఇంటికి నన్ను పిలిచారు. అంతకుముందే ఇంజెక్షన్ చేయించారు, ప్లాస్టర్ వేయించారు. చెమ్మ నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తుకు పాకింది. ఆ ఇంటి వెనకగోడకు బయట మట్టి కిటికీ గడప దాకా ఉంది. ఆ మట్టిని వెనక్కి తీయించి, గోడ పొడవునా కంకర నింపిన కాలువ తవ్వించాం. సిమెంటు సందులను చిన్న ఉలితో చెక్కించి సున్నంతో నింపించాం. యంత్రంతో కోస్తే రాయి అంచులు తెగిపోతాయి, అందుకే చేత్తోనే. లోపల ప్లాస్టర్ తీసేసి గోడను చాలాకాలం ఖాళీగా వదిలేశాం. రెండు వేసవులు గడిచాక సున్నపు గార పట్టించాం. ఆ గోడ ఇప్పుడు పొడిగా ఉంది. ఇందులో రసాయనం చుక్క కూడా లేదు. కావాల్సింది ఓపిక, ఆ రెండేళ్లు ఆ గదిని వాడుకోకుండా ఉండగలగడం. పిల్లలున్న ఇంట్లో అది చిన్న విషయం కాదని తెలుసు, కొనేముందే లెక్కలో వేసుకోండి.

కప్పు గురించి మీరు అడగలేదు, కానీ ఇలాంటి ఇంట్లో డబ్బు ఎక్కువ తినేది అదే. పెంకుల్లా కనిపించేవి నిజానికి పలుచగా చీల్చిన సున్నపురాతి పలకలు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోన్స్‌ఫీల్డ్‌లో భూమిలోంచి తీసిన రాయిని తడి ఆరకుండా ఉంచి, శీతకాలపు మంచుకు వదిలేసేవారు. లోపలి నీరు గడ్డకట్టినప్పుడు రాయి పొరలుగా విచ్చుకునేది. పలకల్లో పెద్దవాటిని చూరు దగ్గర, పైకి వెళ్లేకొద్దీ చిన్నవాటిని, అన్నిటికంటే చిన్నవి నడికప్పు దగ్గర వేస్తారు. ఒక్కొక్కటీ ఓక్ మేకుతో పట్టెకు వేలాడుతుంది. బరువు చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు. పలకల అంచులు సమంగా ఉండవు కాబట్టి నీరు నిలవకుండా కప్పును 50 డిగ్రీలు, అంతకంటే నిటారుగా లేపారు. మీకు నచ్చిన ఆ ఎత్తైన త్రికోణపు పక్కగోడలు ఈ వాలు వల్ల వచ్చినవే. అందం కోసం ముందుగా గీసుకున్నవి కావు.

కప్పు గీత కాస్త అలలా వంగి ఉంటే కంగారుపడకండి. పచ్చి ఓక్ వాసాలు ఇంత బరువు కింద ఆరుతూ వంగి, ఆ ఆకారంలోనే గట్టిపడతాయి. అటక ఎక్కి చూడాల్సింది మేకులు, పట్టెలు పుచ్చాయా, వాసాల కొనలు గోడ దగ్గర మెత్తబడ్డాయా అన్నది. గబ్బిలాలు ఉంటే 1981 వన్యప్రాణుల చట్టం ప్రకారం వాటికీ వాటి నివాసానికీ రక్షణ ఉంది, పని వేళలు వాటిని బట్టి మారతాయి. పలకల కింద ఎవరైనా వేడి నిలవడానికని గట్టిపడే నురగ (స్ప్రే ఫోమ్) చిమ్మి ఉంటే అక్కడే ఆగిపోండి. కలపను అది గాలి తగలకుండా బిగించేస్తుంది, చాలా బ్యాంకులు అలాంటి ఇంటికి అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి.

కిటికీలకు వద్దాం. రాతి నిలువు కమ్ములు, వాటి మధ్య సీసపు పట్టీల్లో చిన్న గాజు ముక్కలు, పైన వాననీటిని పక్కలకు మళ్లించే రాతి అంచు. పదిహేడో శతాబ్దపు ఇంటికి ఇవి ముఖం. పాత గాజు ఒక్కసారి పోతే తిరిగి రాదు. చలి కోసమైతే, పాత కిటికీ చుట్టూ సందుల్లోంచి వచ్చే గాలిని ముందు ఆపండి. లోపలివైపు రెండో అద్దపు చట్రం బిగించుకుంటే వేడి బాగా నిలుస్తుంది, పాత కిటికీకి దెబ్బ తగలదు, కావాలంటే తీసేయవచ్చు. స్థానిక సంస్థలోని పరిరక్షణ అధికారితో ముందే మాట్లాడండి, దీనికి వాళ్లు సాధారణంగా సుముఖంగానే ఉంటారు. రాతిగోడల వేడి గురించి కూడా ఒక మాట. లెక్కల పట్టికల్లో ఇవి చాలా చలిగోడలుగా కనిపిస్తాయి. పాత కట్టడాల పరిరక్షణకు 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన సంఘం, ఎస్‌పీఏబీ, నిజమైన ఇళ్లలో వేడి ఎంత పోతుందో కొలిపించినప్పుడు చాలా గోడలు ఆ లెక్కల కంటే మెరుగ్గా తేలాయి. కాబట్టి లోపల రేకు అంటించిన నురగ పలకలు కొట్టించే ముందు ఆగండి. గోడ పొడిబారితేనే ఇల్లు గమనించదగినంత వెచ్చబడుతుంది, తడిగోడ వేడిని త్వరగా పోగొడుతుంది.

ఇక మధ్య గోడ. ఈ పల్లె ఇళ్లకు ఒక పుట్టిన తేదీ అంటూ ఉండదు. బైబరీలోని ఆర్లింగ్టన్ రో చూసే ఉంటారు, కాట్స్‌వోల్డ్స్ అనగానే అందరూ చూపించే ఫొటో అదే. అది సుమారు 1380లో మఠంవాళ్లు ఉన్ని నిల్వకు కట్టిన కొట్టు. పదిహేడో శతాబ్దంలో దాన్ని నేతపనివాళ్ల ఇళ్లుగా మార్చారు. చరిత్రకారుడు డబ్ల్యు.జి. హాస్కిన్స్ 1953లో రాసిన వ్యాసంలో 1570 నుంచి 1640 వరకు ఇంగ్లాండ్ పల్లెల్లో జరిగిన "మహా పునర్నిర్మాణం" గురించి చెప్పాడు. ప్రాంతాన్ని బట్టి ఆ తేదీలు మారతాయని తర్వాతివాళ్లు సవరించారు కానీ, జరిగిన మార్పు మాత్రం ఇక్కడ ఇంటింటా కనిపిస్తుంది. అంతకుముందు నడిగది కప్పు దాకా తెరిచి ఉండేది, నేల మధ్య మంట, పొగ పైకి. తర్వాత రాతి పొగగొట్టం కట్టారు, నడిగదికి మిద్దె వేసి పైన పడకగదులు చేసుకున్నారు, పొయ్యి పక్కనే మెలిక మెట్లు పెట్టారు. ఇంట్లోకి రాగానే ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఒక నడవ ఉండేది, దాని ఒకవైపు నడిగది, మరోవైపు వంట, నిల్వ గదులు.

మీ వంటగదికీ పెద్దగదికీ మధ్య గోడ సరిగ్గా ఆ నడవ అంచున ఉండే అవకాశం ఉంది. బర్ఫర్డ్ వైపు ఒక ఇంట్లో ఇలాగే "పనికిరాని అడ్డుగోడ" అన్నదాని మీద జిప్సం బోర్డు విప్పితే వెనక నిలువు ఓక్ పలకల తెర బయటపడింది, ఉలి గుర్తులతో, మసిబారి. ఆ ఇంటివాళ్లు దాన్ని అలాగే ఉంచుకున్నారు. ఆ ఇంట్లో అంతకంటే విలువైన వస్తువు లేదని వాళ్లే ఇప్పుడు అంటున్నారు. మీ గోడ 1960ల నాటి ఇటుకదే కావచ్చు, అప్పుడు తీయడానికి అనుమతి రావచ్చు. తలుపు మీద చెక్కిన సంవత్సరాన్ని మాత్రం గట్టి సాక్ష్యంగా పట్టుకోకండి. చాలాసార్లు అది మరమ్మతు చేయించిన ఏడాదో, పెళ్లి జరిగిన ఏడాదో అవుతుంది. దూలాల కలపలోని వలయాలు లెక్కించి చెట్టు నరికిన కాలం చెప్పగలిగేవాళ్లున్నారు, అది నమ్మదగిన ఆధారం.

గ్రేడ్ 2 అంటే ముందుభాగానికే రక్షణ, లోపల మన ఇష్టం అని ఎవరో చెప్పారని రాశారు. అది పూర్తిగా తప్పు. జాబితా కట్టడాల 1990 చట్టం కింద లోపలా బయటా మొత్తం కట్టడానికి రక్షణ వర్తిస్తుంది. 1948 జులై 1కి ముందునుంచీ ఆవరణలో ఇంటికి చెంది ఉన్న కొట్టాలకూ ప్రహరీకీ కూడా. ఇంటి విశిష్టతను దెబ్బతీసే మార్పు అనుమతి లేకుండా చేస్తే అది నేరం. మీకు మరీ ముఖ్యమైనది ఇది: పాత యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పును సరిచేయమని నోటీసు ఇప్పటి యజమానికే వస్తుంది, దానికి కాలపరిమితి లేదు. అందుకే మీ న్యాయవాది చేత అనుమతి పత్రాలన్నీ తెప్పించి, ఇంట్లో కళ్లకు కనిపిస్తున్న మార్పులతో ఒక్కొక్కటీ సరిచూడండి. ఖర్చు లెక్కల్లో ఇంకొకటి: అనుమతి పొందిన మార్పులకు ఒకప్పుడు ఉన్న వ్యాట్ మినహాయింపు 2012 అక్టోబరులో పోయింది, ఇప్పుడు 20 శాతం కట్టాల్సిందే.

ధర మాట్లాడే ముందు రెండు పనులు చేయండి. పాత కట్టడాల పరిరక్షణలో, సర్వేయర్ల వృత్తి సంస్థ ఆర్ఐసీఎస్ గుర్తింపు ఉన్న సర్వేయర్‌తో మళ్లీ తనిఖీ చేయించండి. ఖర్చు ఎక్కువే కానీ ఇంజెక్షన్‌కూ ప్లాస్టర్‌కూ అడుగుతున్న మొత్తంతో పోల్చి చూసుకోండి. ఎస్‌పీఏబీ వాళ్లు ఫోనులో ఉచితంగా సాంకేతిక సలహా ఇస్తారు, అదీ వాడుకోండి. రెండోది, జోరువాన కురుస్తున్న రోజు ఒకసారి ఆ ఇంటికి వెళ్లండి. గొడుగు పట్టుకుని చుట్టూ తిరిగి, నీరు ఎక్కడ కారుతోందో, ఏ గోడ అడుగున నిలుస్తోందో ఫోనులో వీడియో తీసి సర్వేయర్‌కి ఇవ్వండి. ఇక్కడ కూడా పెట్టండి, గోడ సందుల దగ్గరి ఫొటోలు, అటకలో వాసాల కొనల ఫొటోలు కలిపి. చూసి చెబుతాను.